కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు

మూడోసారి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుండగా వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమిటండీ, పొద్దున్నే ఈ కచేరీ?"

ఆయన నీళ్ళు ఊసేసి మూతి తుడుచుకున్నాడు. "ఏం లేదు. గొంతులో కాస్త గరగర. ఫ్యాను గాలికి పట్టేసినట్టుంది."

"ఆ ఫ్యాను కిందే ఇరవయ్యారేళ్ళుగా పడుకుంటున్నారు. దానికి ఇప్పుడొచ్చిందా కోపం?"

"నాకేం కాదే. నాకు వచ్చిపోయింది కదా."

'వచ్చిపోయింది' అన్న ఆ ఒక్క మాట పద్నాలుగు నెలలుగా ఆ ఇంట్లో తలుపు పక్కన గొడుగులా నిలబడి ఉంది. బయటికి వెళ్ళేటప్పుడల్లా ఆయన దాన్ని చేతపట్టుకునే వెళ్తాడు. పోయినేడాది ఊపిరితిత్తుల జ్వరం ఊరంతా తిరిగినప్పుడు ఆయన్నీ పట్టుకుంది. పంతొమ్మిది రోజులు మంచాన పడేసి, ఎందుకో మనసు మార్చుకుని వదిలిపెట్టింది. ఆవిడ జోలికి మాత్రం రాలేదు. ఆవిడకు ఉబ్బసం. ఊపిరి వదిలేటప్పుడు చివర సన్నగా ఒక ఈల వినిపిస్తుంది. ఆ ఈల పొడుగునుబట్టి ఆవిడకు ఆ రోజు ఎలా ఉందో ఆయన చెప్పగలడు. ఆ జ్వరం గనక తనకు వస్తే ఏమవుతుందో ఆవిడకు తెలుసు, ఆయనకూ తెలుసు. కాబట్టి ఇద్దరూ ఆ సంగతి ఎత్తరు. ఆవిడ గడప దాటదు. సరుకులూ, మందులూ, ఇల్లు అద్దెకిచ్చి మేడ కింద ఉండే ఇంటావిడతో మాటామంతీ, అన్నీ ఆయనే.

"ఈల తక్కువగానే ఉందే ఇవాళ" అన్నాడు క్యారేజీ అందుకుంటూ.

"దానికి సెలవిచ్చాను. మీ కచేరీ మధ్యలో ఎందుకని."

ఆయన నవ్వబోతే గొంతు గీరుకుంది. మెట్లు దిగుతూ రెండుసార్లు సవరించుకున్నాడు.

ఆయన పని ఆసుపత్రిలో లిఫ్టు నడపడం. ఆరంతస్తుల భవనం, రెండు లిఫ్టులు. కొత్తదానికి మీటలున్నాయి, అద్దముంది, అందులో ఎక్కినవాళ్ళు జుట్టు సర్దుకుంటారు. పాతదానికి ఇనుప జాలీ తలుపు, ఇత్తడి పిడి, ఒక స్టూలు, ఒక ఆయన. ముప్పై ఒక్కేళ్ళుగా ఆ జాలీని కుడిచేత్తో లాగీ లాగీ ఆయన కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి జారింది. చొక్కాలన్నీ అటుపక్కే చిరుగుతాయి. నిలబడి ఉన్నా ఏదో పట్టుకుని వంగినట్టే ఉంటాడు. కింది నుంచి ఐదో అంతస్తుకు నలభై సెకన్లు. మనుషులతో ఆయనకున్న పరిచయాలన్నీ ఆ నలభై సెకన్లకు సరిపడా కత్తిరించినవే. వందలమంది కథల మొదళ్ళు ఆయనకు తెలుసు, చివర ఒక్కటీ తెలియదు. "అప్పుడు మా బావగారు ఏం చేశారంటే..." అనేసరికి అంతస్తు వచ్చేస్తుంది. ఆ బావగారు ఏం చేశారోనని ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాడు.

ఐదో అంతస్తు జ్వరం వార్డు. మొదట్లో ఆ లిఫ్టు నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆయన జ్వరం తగ్గి లేచాక పని సులువైపోయింది. ఆఫీసాయన డ్యూటీ బోర్డు మీద ఆయన పేరు చెరిపి ఆకుపచ్చ సుద్దతో తిరగరాశాడు. ఆకుపచ్చ అంటే వచ్చిపోయినవాళ్ళు, ఎక్కడికైనా పంపొచ్చు. తర్వాత స్ట్రెచర్ తోసే, ఆయన 'తమ్ముడూ' అని పిలుచుకునే అబ్బాయి పేరూ, ఐదో అంతస్తు ఆయా పేరూ పచ్చబడ్డాయి. ఆ పేర్ల పక్కన ఎప్పుడు వచ్చిపోయిందో తేదీ మాత్రం ఎవరూ వేయలేదు. సుద్ద అరుగుతుందనేమో.

తేదీ లేకపోవడం ఆయనకు వింతగా తోచలేదు. జ్వరం తగ్గి ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాట ఆయనకు చాలు. "భయపడకండి, కొన్నాళ్ళు మీకు మళ్ళీ రాదు."

కొన్నాళ్ళు అనే మాటతో ఆయనకు పాత పరిచయం. "కొన్నాళ్ళు ఆ లిఫ్టు దగ్గర నిలబడవయ్యా, తర్వాత చూద్దాం" అన్నాడు ఉద్యోగం ఇచ్చిన పాత మేనేజరు. చూడకుండానే ఆ మేనేజరు రిటైరైపోయాడు, పోయాడు కూడా. "కొన్నాళ్ళు ఉండండి, మా వాడి పెళ్ళయ్యేదాకా" అని మేడ మీది గదులు అద్దెకిచ్చింది ఇంటావిడ. ఆ వాడికి పెళ్ళయింది, ఆ వాడి కొడుక్కి ఇప్పుడు మీసాలు. "కొన్నాళ్ళు ఆగండర్రా, పిల్లలకేం తొందర" అన్నారు రెండువైపుల పెద్దలూ. ఆగారు. ఆవిడ ఉబ్బసానికి మందు రాసిన మొదటి డాక్టరు కూడా "కొన్నాళ్ళు వాడి చూడండి" అనే అన్నాడు. ఇంతవరకూ ఆయన బతుకులోకి వచ్చిన కొన్నాళ్ళలో ఒక్కటీ పూర్తయిన పాపాన పోలేదు. అందుకని ఆ పంతొమ్మిది రోజులకు బదులుగా దొరికిన ఈ కొన్నాళ్ళను కూడా ఆయన ఆ లెక్కలోనే వేసుకున్నాడు. ఇంటికి వెళ్ళి మాస్కు తీసి చిలక్కొయ్యకు తగిలించేవాడు. ఆవిడ పక్కనే కూర్చుని, వార్డు కబుర్లన్నీ ఆవిడ మొహానికి జానెడు దూరంలో చెప్పేవాడు.

ఆ ఉదయం లిఫ్టు తీరిక లేకుండా తిరిగింది. రెండు నెలలుగా సద్దుమణిగిన వార్డు వారంలో మళ్ళీ నిండింది. ఆరు ట్రిప్పుల్లో నాలుగు మంచాలవే. ప్రతి మంచం వెనకా ఒకరిద్దరు, కళ్ళు మాత్రమే కనిపించే మనుషులు. లిఫ్టులో పాత ఇనుము వాసన, దాని మీద మందునీళ్ళ వాసన, కదలని గాలి. ఆయన ఎప్పట్లాగే మాస్కు గడ్డం కిందికి లాక్కుని నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఈసారి వచ్చింది పాతదాని చెల్లెలట" అంది ఆయా, మాసిన దుప్పట్ల మూటతో లిఫ్టు ఎక్కుతూ. "నర్సమ్మలు అనుకుంటున్నారు."

"అక్కనే చూసినవాళ్ళం. చెల్లెలు మనల్నేం చేస్తుందిలే."

"మా ఇంట్లో చెల్లెలే గయ్యాళి" అంది ఆయా. నాలుగో అంతస్తు దగ్గర ఆయన దగ్గాడు. పొడిగా, కురచగా. ఆయా మూటను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

మధ్యాహ్నం మెట్ల కింద క్యారేజీలు విప్పారు. ఆకుపచ్చవాళ్ళు ముగ్గురూ రోజూ అక్కడే తింటారు. మిగతావాళ్ళు వాళ్ళకు దూరంగా కూర్చుని 'పెళ్ళివారు' అని పేరు పెట్టారు, వేరే పంక్తి కాబట్టి. ఇవాళ పంక్తిలో ఇద్దరే ఉన్నారు. పొద్దుట్నుంచీ స్ట్రెచర్లు వేరేవాళ్ళు తోస్తున్నారని ఆయన అప్పుడు గమనించాడు.

"తమ్ముడేడీ?"

"సెలవు పెట్టాడట. అత్తగారింటికి పోయుంటాడు. అక్కడ తిండి బాగుంటుందని ఊరికే చెప్తుంటాడుగా."

ఒంటిగంటన్నరకు తమ్ముడొచ్చాడు. స్ట్రెచర్ మీద, పడుకుని. ఎప్పుడూ చొక్కా బొత్తాలు తెగేటట్టు నవ్వే మనిషి. ఇప్పుడు ఆ బొత్తాల కింద పొట్ట ఎగిరెగిరి పడుతోంది. పెదవులు వంకాయరంగులోకి తిరిగాయి.

"చూశావా అన్నా" అన్నాడు, మాట మాటకీ ఊపిరి తెచ్చుకుంటూ. "నన్ను... తొయ్యడానికి... ఇద్దరు కావాల్సొచ్చింది."

"నువ్వేంట్రా! నీకు వచ్చిపోయింది కదరా!"

"అదే... నేనూ చెప్పా... దానికి తెలీదట."

ఆయన పిడి తిప్పాడు. లిఫ్టు కదిలింది. వెనక నిలబడ్డ తమ్ముడి పెళ్ళాం ఏడవడం లేదు, వేళ్ళమీద ఏదో లెక్కపెడుతోంది.

"పదకొండు నెలలే అన్నయ్యగారూ" అంది. "ఇంకా పదకొండు నెలలే."

ఐదో అంతస్తులో జాలీ లాగి, స్ట్రెచర్ వెళ్ళిపోయాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు. పదకొండు. తనకు పద్నాలుగు. పిడి మీద చెయ్యి వేసి కూడా తిప్పకుండా, చిన్నప్పుడు తీసివేతలు చేసినట్టు పెదవులు కదుపుతూ చేశాడు. ఎటునుంచి చేసినా అది తనకు మూడు నెలల ముందే ముగిసిపోయి ఉండాలి. అంటే ఆ మూడు నెలలూ తను ఏ గొడుగూ లేకుండా, గొడుగు పట్టుకున్నవాడిలా చెయ్యెత్తి నడుస్తున్నాడన్నమాట.

డాక్టరమ్మ లిఫ్టు ఎక్కేదాకా ఆగాడు. రెండింటికి ఎక్కింది, చెవి దగ్గర ఫోనుతో. రెండున్నరకు ఎక్కింది, చుట్టూ రోగుల బంధువులతో. వాళ్ళ ప్రశ్నలకే ఆ నలభై సెకన్లూ చాలలేదు. మూడున్నరకు ఒంటరిగా ఎక్కి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. మాస్కు అంచుల వెంట మొహాన ఎర్రటి గీతలు. ఆయన తన మాస్కు పైకి లాక్కున్నాడు, ఏడాదిలో మొదటిసారి.

"డాక్టరమ్మా, ఒక్క మాట. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళండీ?"

"దేనికి?" అంది కళ్ళు తెరవకుండానే.

"జ్వరం తగ్గినప్పుడు మీరే అన్నారు, కొన్నాళ్ళు మళ్ళీ రాదని."

"ఎప్పుడన్నాను?"

"పద్నాలుగు నెలలైంది."

ఆమె కళ్ళు తెరిచింది. లిఫ్టు రెండో అంతస్తు దాటింది.

"అందరికీ ఒకేలా ఉండదండీ. కొందరికి ఆరు నెలలు, కొందరికి ఏడాది, ఇంకొందరికి ఇంకాస్త. ఒంట్లో పుట్టిన కాపలా రోజులు గడిచేకొద్దీ పలచబడుతూ వస్తుంది. పైగా ఇప్పుడు తిరిగేది మొహం మార్చుకుని వచ్చింది. కాపలావాడు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు."

"మరైతే మాకు మళ్ళీ..."

"రావచ్చు. ఆ స్ట్రెచర్ అబ్బాయికి పాపం గట్టిగానే వచ్చింది. మామూలుగా అయితే రెండోసారి తేలిగ్గా పోతుంది. కాస్త గొంతు గరగర, ఒళ్ళు బరువు. కొందరికి వచ్చిందని కూడా తెలీదు."

"తెలీకపోయినా ఇంకొకరికి అంటుతుందా?"

"అంటుతుంది."

ఐదో అంతస్తు వచ్చింది. లిఫ్టు చిన్న కుదుపుతో ఆగింది. ఆయన చెయ్యి జాలీ మీదికి వెళ్ళలేదు. ముప్పై ఒక్కేళ్ళలో అంతస్తు వచ్చాక ఆ చెయ్యి ఆగడం అదే మొదలు.

"తలుపు తియ్యండి."

"నాకు పొద్దుట్నుంచి గొంతు గరగరగా ఉందమ్మా."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ పెట్టెలో వెయ్యడానికి ఉన్నది ఆ ఒక్క అడుగే.

"మొన్నా నిన్నా ఎలా ఉంది?"

"మొన్న ఒళ్ళు కాస్త బరువనిపించింది. బియ్యం బస్తా మోశాను, దానివల్ల అనుకున్నా."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఆవిడ ఒక్కతే. ఉబ్బసం."

డాక్టరమ్మ మాస్కును ముక్కు మీద గట్టిగా నొక్కుకుంది. ఆ నొక్కుకోవడం ఆయనకు బాగా అర్థమైంది. అలాంటివి ఆ లిఫ్టులో చాలా చూశాడు.

"పరీక్ష చేయిస్తాను. ఇంటికి మాత్రం వెళ్ళకండి" అంది.

ముక్కులో పుల్ల పెట్టి తిప్పారు. కింది అంతస్తులో, లిఫ్టు మోటారు గది పక్కన, పాత మంచాలు పడేసే గదిలో ఒక మంచం వేసి ఇచ్చారు. అక్కణ్ణుంచి ఆయన ఇంటికి ఫోను చేశాడు. కిటికీ అవతల ఇంకా ఎండ ఉంది.

"ఇదిగో, నేను. ఇవాళ ఇంటికి రావడం లేదు."

"అదేం, మధ్యలో ఇరుక్కుపోయారా?"

"పరీక్ష చేశారు. రేపు చెప్తారట. ఇక్కడే గది ఇచ్చారు."

"ఫ్యానుది తప్పేం లేదన్నమాట" అంది నెమ్మదిగా. "పాపం, పొద్దుట్నుంచి దాన్ని తిడుతూనే ఉన్నా. ఎన్నాళ్ళు?"

ఆ మాట ఆయన నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని మింగేశాడు.

"పది రోజులు" అన్నాడు.

"అబ్బో! మీ నోట అంకె వినడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఉండండి, రాసుకుంటా. తర్వాత మాట మారుస్తారు."

సొరుగు లాగిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆవిడ దగ్గింది.

ఇరవయ్యారేళ్ళుగా ఆయన విన్న దగ్గు అది కాదు. ఆవిడ దగ్గుకు తడి ఉంటుంది, లోతు ఉంటుంది, చివర ఈల ఉంటుంది. ఇది పొడిగా, కురచగా ఉంది. ఆ పొద్దుట్నుంచి తన గొంతులోంచి వస్తున్న దగ్గు అది.

"ఎప్పట్నుంచే?"

"ఏది?"

"ఆ దగ్గు."

"మీరు వెళ్ళినప్పట్నుంచి. ఏం, మీకొక్కరికే ఉండాలా కచేరీ?"

ఆయన మంచం అంచు పట్టుకున్నాడు. "విను. ఇంటావిడని పిలు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడమను. మనిషిని పంపించమని డాక్టరమ్మతో చెప్తా. ఒక్కదానివే ఉండకు... కాదు, ఒక్కదానివే ఉండు, ఎవరినీ దగ్గరికి రానివ్వకు. వింటున్నావా?"

"ముందు ఉండొద్దో, ఉండాలో తేల్చుకోండి" అంది ఆవిడ. తర్వాత నవ్వు ఆపేసి, "సరే, భయపడకండి. భయపడితే మీకు ఆకలి వెయ్యదు" అంది.

ఆయనకు జ్వరమేనని మర్నాడు చెప్పారు. ఆవిడకూ అదేనని ఆ సాయంత్రానికి తేలింది. మూడో రోజు పొద్దున్న మోటారు గది గోడకు చెవి ఆనించి ఆయన తన లిఫ్టు చప్పుడు విన్నాడు. ఎవరో కొత్తవాడు జాలీని విసురుగా లాగాడు. లిఫ్టు బరువుగా కదిలి, ఎక్కడా ఆగకుండా ఐదో అంతస్తుకు పోయింది. లోపల ఎవరున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రోజుకే ఆయన గొంతు గరగర పోయింది. నాలుగో రోజుకు ఆకలి వేసింది. ఆ ఆకలిని చూసి ఆయన సిగ్గుపడ్డాడు.

ఐదో రోజు డాక్టరమ్మ ఒప్పుకుంటే, ఆయా ఆయన్ని పైకి తీసుకెళ్ళింది. ఆవిడ మొహానికి గాలి గొట్టం కట్టి ఉంది. చిన్న మనిషి మరీ చిన్నదైపోయింది, దుప్పటి ఎత్తు తప్ప ఏమీ లేదు. ఈల వినిపించలేదు. ఆయన ఎంత వంగినా మిషను చప్పుడే వినిపించింది. ఆవిడ కళ్ళు తెరిచి ఆయన్ని గుర్తుపట్టి, మంచం మీంచి చెయ్యి కొంచెం ఎత్తి ఐదు వేళ్ళు చూపించింది. సగమైపోయిందని. ఆయన తలూపాడు. ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాడు. అంటుతుందని ఇద్దరిలో ఎవరికీ భయం లేదు.

ఆరో రోజు సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, లిఫ్టు ఐదో అంతస్తులో బయలుదేరింది. ఆయన గోడ దగ్గరే కూర్చుని ఉన్నాడు. నాలుగు, మూడు, రెండు, ఒకటి. కింద ఆగాలి. ఆగలేదు. నేల కింది అంతస్తు దాకా దిగి, అక్కడ ఆగింది. అక్కడ మందుల గోదాము లేదు, ఆఫీసు లేదు. ఉన్నది ఒక్కటే గది. జాలీ నెమ్మదిగా తెరుచుకుంది. కొత్తవాడు ఈసారి విసురుగా లాగలేదు.

కాసేపటికి డాక్టరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పాల్సింది చెప్పింది. ఇంకా ఏదో చెప్పాలనిపించినట్టు, "పాత జ్వరం ఇచ్చిన కాపలా ఎంతో కొంత మిగిలింది. అదే మిమ్మల్ని కాపాడింది" అంది.

మిమ్మల్ని. ఆయన ఆ మాటను తర్వాత చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు.

పది రోజులూ అయ్యాక బయటికి వస్తుంటే డ్యూటీ బోర్డు దగ్గర ఆఫీసాయన కనిపించాడు. కుర్చీ ఎక్కి, తమ్ముడి పేరు తడిగుడ్డతో తుడిచేసి, దాని పైన ఆయన పేరును ఆకుపచ్చ సుద్దతో మళ్ళీ దిద్దుతున్నాడు. మనిషి కనపడగానే తడబడి దిగాడు. "ఏం చెప్పను గురువుగారూ, మాటలు రావడం లేదు. మీరు తొందరపడకండి. వీలైనప్పుడే రండి. మీకైతే ఇక కొన్నాళ్ళు..." అని ఆపేశాడు. పేరు పక్కన ఈసారి కూడా తేదీ లేదు.

ఇంటావిడ తాళం ఆయన చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టి, లోపలికి వెళ్ళి ఏడ్చింది. ఆయన తాళం తీశాడు. వంటిల్లు సర్ది ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. కిటికీ ఊచకు బట్టల క్లిప్పుతో ఒక కాగితం బిగించి ఉంది, పాత క్యాలెండరు వెనక్కి తిప్పి చింపింది. దాని మీద ఆవిడ గుండ్రటి చేతిరాతతో ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా ఉన్నాయి. పదో అంకె పక్కన, 'దుప్పట్లన్నీ ఉతకాలి, ఈయన చేతే' అని ఉంది. ఒకటి మీదా రెండు మీదా పెన్సిల్‌తో శుభ్రంగా గీతలు కొట్టి ఉన్నాయి. మిగతా ఎనిమిదీ గాలికి కొంచెం పైకి లేచి, మళ్ళీ ఊచకు ఆనుకుంటున్నాయి.